గండికోట గాదె పక్కన ఒక సంగటి ముద్ద: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

లేపాక్షి గుడి ఆవరణలో నేల మీద రాతిలో తొలిచిన పళ్ళాలు ఉన్నాయి. మీరూ చూసే ఉంటారు. అన్నానికి ఒక గుండ్రటి చోటు, దాని పక్కన కూరలకీ పచ్చళ్ళకీ చిన్న చిన్న గుంటలు. 16వ శతాబ్దంలో గుడి కట్టిన శిల్పులు వీటిలోనే భోంచేసేవాళ్ళని అక్కడివాళ్ళు చెబుతారు. మా అబ్బాయికి పదేళ్ళు. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి చూసి రెండు నిమిషాల్లో వదిలేశాడు గానీ, ఆ పళ్ళాల దగ్గర మాత్రం చతికిలబడ్డాడు. ఒక్కో గుంటలో వేలు పెట్టి "ఇది పప్పుకి, ఇది పులుసుకి" అని పంచుకుంటూ పోయాడు. తర్వాత తలెత్తి, "వాళ్ళేం తినేవాళ్ళమ్మా? మనమూ అది తిందామా?" అన్నాడు.

గుడి చరిత్ర ఎంతో కొంత చదువుకుని వెళ్ళాను. ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. రాగులు, జొన్నలు, కొర్రలు, ఉలవలు, కందులు అని ఏదో చెప్పాను. చూపిద్దామంటే ఎక్కడా కనబడలేదు. ఆ మధ్యాహ్నం నూడుల్స్ తిని బయల్దేరాం.

మర్నాడు గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పారిన ఆ లోయని చూడ్డానికే ఎక్కువమంది వస్తారు, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నా మనసు మాత్రం ధాన్యాగారం దగ్గరే ఆగిపోయింది. మందపాటి గోడలు, పైన కమాను కప్పు, బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చల్లదనం. శత్రువు నెలల తరబడి చుట్టుముట్టి కూర్చున్నా లోపలివాళ్ళు ఆకలికి లొంగిపోకూడదని కట్టుకున్న గాదె అది. పెమ్మసాని నాయకులు ఏలిన కోట, తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్న కోట. ఆయన్ని కలవడానికి టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి 1652లో ఇక్కడికి వచ్చాడు. అంత దూరం నుంచి వచ్చినవాడికి ఆ రోజుల్లో ఇక్కడ ఏం వడ్డించి ఉంటారా అనుకుంటూ నేను నిలబడి ఉంటే, మా అమ్మ ఆ గాదె గోడకి ఆనుకుని కూర్చుని చిప్స్ ప్యాకెట్ చింపుతోంది. ఆవిడకి షుగర్, వేళకి ఏదో ఒకటి పడాలి. ఇంత పెద్ద గాదె ముందు మా ముసలమ్మకి దొరికిన తిండి అది. ఆ దృశ్యం నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

కోట లోపల ఊరుంది. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ఆమె మమ్మల్ని చూసి, "పెద్దామె వాడిపోయింది గదా, ఇంట్లో సంగటుంది, రాండి" అంది. మేం మొహమాటపడేలోపే లోపలికి వెళ్ళి రోట్లో ఊరిబిండి మొదలుపెట్టింది. వేయించిన చెనిక్కాయలు (వేరుశనగలు), ఎండు మిరపకాయలు, నానబెట్టిన చింతపండు, ఉప్పు వేసి దంచి, చివర్లో ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసి కచ్చాపచ్చాగా రెండు పోట్లు. ఎర్రగడ్డ పూర్తిగా నలగకూడదంట, పంటికి తగలాలంట. సంగటి ముద్దకి వేలితో గుంట చేసి నెయ్యి పోసింది. మావాడు ఆ గుంట వైపు చూసి నా వైపు చూశాడు. లేపాక్షి పళ్ళెం గుర్తొచ్చిందని వేరే చెప్పనక్కర్లేదు. తర్వాత కుండలోని మజ్జిగ. డబ్బిస్తే తీసుకోలేదు. "ఇది అమ్ముకునేదా?" అంది.

మంత్రి గారూ, అమ్ముకునేదే అని ఆమెకి చెప్పాల్సింది మీరు.

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో దాదాపు 78 కోట్ల రూపాయలకి ఆమోదం తెలిపింది. చాలా సంతోషం. ఆ పనుల్లో ఈ ఊరి ఆడవాళ్ళ పొయ్యికి కూడా చోటివ్వండి. వాహనాలు ఆగే చోట నీడ, మంచినీళ్ళ కొళాయి, గిన్నెలు కడుక్కునే గట్టు, మురుగు పోయే దారి. ఇంతే. డ్వాక్రా సంఘాలకి వంతులవారీగా అప్పగించండి. వేలం మాత్రం వేయొద్దని చేతులెత్తి అడుగుతున్నాను. వేలం వేస్తే ఎక్కడివాళ్ళో వచ్చి పాడుకుంటారు, ఆ అద్దె రాబట్టుకోవడానికి ఎక్కడైనా దొరికేదే ఇక్కడా అమ్ముతారు. ఊరివాళ్ళు వాళ్ళ దగ్గర గిన్నెలు తోముతారు.

రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదనీ, ఆ తర్వాత మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరనీ చట్టం చెబుతోంది. 2010 సవరణతో వచ్చిన ఈ నిబంధన మంచిదే, దాన్ని సడలించమని నేను అడగను. గుడి గోడకి పొగ పట్టకూడదు, రాతి మీద నూనె చుక్క పడకూడదు. పొయ్యి దూరంగానే ఉండాలి. వచ్చినవాళ్ళు నాలుగడుగులు నడుస్తారు, తప్పేం లేదు. ప్లాస్టిక్ ప్లేట్ల బదులు మోదుగ విస్తరాకులు పెడితే ఆ కుట్టుపని కూడా ఊళ్ళోవాళ్ళకే దొరుకుతుంది.

ఇంకో మాట. "రాయలనాటి భోజనం" అని బోర్డులు పెట్టి పట్టు పంచెలు కట్టిన సర్వర్లని మాత్రం నిలబెట్టకండి. మిరపకాయా చెనిక్కాయా రెండూ సముద్రాలు దాటి వచ్చినవే. గుడి కట్టేనాటికి మిరపకాయ ఈ దేశానికి కొత్త, చెనిక్కాయ ఇంకా తర్వాత వచ్చింది. కాబట్టి నేను తిన్న ఊరిబిండి ఆ శిల్పులు ఎరగరు. అయినా అది ఈ నేల తిండే. ఇవాళ ఆ ఊళ్ళో ఏది వండుకుంటే అదే పెట్టండి: సంగటి, జొన్న రొట్టె, ఉగ్గాని, అలసంద వడలు, దాహానికి అంబలి, నన్నారి. నన్నారి వేరు కాచిన పాకంలో నిమ్మకాయ పిండి చల్లటి నీళ్ళు పోసి ఇస్తే, ఏప్రిల్ ఎండలో కోట ఎక్కి దిగినవాడికి ప్రాణం లేచొస్తుంది. అది తాగినవాడు కూల్‌డ్రింక్ సీసా వైపు చూడడు.

ధాన్యాగారం దగ్గర ఒక బోర్డు కూడా కావాలి. కట్టడం పేరుతో ఆపేయకుండా, ఈ నేలలో ఏ పంటలు పండేవి, గింజ పురుగు పట్టకుండా ఎలా దాచేవాళ్ళు అన్నది పిల్లలకి అర్థమయ్యేలా రాయించండి. ఇటలీలోని పాంపేయిలో, క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఒక తిండి అంగడిని తవ్వి తీశారు. దాని కుండల్లో బాతు, మేక, చేప, నత్తల ఆనవాళ్ళు దొరికాయని 2020లో ప్రకటిస్తే ప్రపంచమంతా ఆసక్తిగా చదివింది. రాజుల పేర్లు గుర్తుపెట్టుకోలేని మా అబ్బాయి లాంటివాళ్ళు కూడా కుండలో ఏముందో మాత్రం మర్చిపోరు.

నాగార్జునకొండకి లాంచీ ఎక్కే రేవు దగ్గరా, ఉండవల్లి గుహల దగ్గరా ఇదే చేయొచ్చు. ముందు గండికోటలో మొదలుపెట్టండి. చలికాలం జనం పెరిగేలోపు నాలుగు పొయ్యిలకి నీడ వేస్తే చాలు. ఆ రోజు మళ్ళీ వస్తాం. ఈసారి ఆ అరుగు మీది అక్క మా దగ్గర డబ్బు తీసుకోవాలి.

ఇట్లు,
అమ్మనీ కొడుకునీ వెంటబెట్టుకుని కోటలు తిరిగే ఒక గృహిణి