చిన్న రందా నుంచీ పొట్టు రావాలి

సంపాదకులకు,

అరచేతిలో ఇమిడే రందా (చెక్కను గీసి నున్నగా చేసే పనిముట్టు), రంపం, బాడిస వంటి చెక్కపని బొమ్మలు అలంకారానికి కొని అద్దాల బీరువాల్లో పెట్టుకోవడం మనకు అలవాటే. బడుల్లో పిల్లలు నమూనాలు చేసినా చాలావరకు అంతే: రందాలో బ్లేడు జిగురుతో అతికించి ఉంటుంది, రంపానికి పళ్లు గీతలుగానే ఉంటాయి. ఇంకొంత ఓపిక పడితే అదే సైజులో నిజంగా కోసే పనిముట్లు చేయొచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చెక్కపని ఇష్టపడేవాళ్లు బొమ్మ దగ్గరే ఆగిపోవద్దని మా విన్నపం. పని ఎక్కడ చెడుతుందో ముందే తెలిస్తే సగం కష్టం తగ్గుతుంది కనుక, రందా గురించి కాస్త వివరంగా రాస్తున్నాం.

9 అంగుళాల రందాను మూడో వంతుకు దించితే దాదాపు 75 మిల్లీమీటర్లు వస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు తగ్గుతాయి. బ్లేడు కూర్చునే 45 డిగ్రీల వాలు మాత్రం తగ్గకూడదు. చెక్కలోని రంధ్రాలూ తగ్గవు. టేకు పెద్ద రందాకు బాగుంటుంది కానీ ఈ సైజులో దాని రంధ్రాలు గుంటల్లా కనిపిస్తాయి, అడుగు నున్నగా రాదు. పాలకొడిశ గానీ, బాగా ఆరిన చింత చేవ గానీ వాడండి.

పెద్ద రందాకు మొద్దును తొలిచినట్టు దీన్ని తొలవడం కష్టం, ఉలి లోపల తిరగదు. నడిమి ముక్కను ముందే 45 డిగ్రీల వాలుతో రెండుగా కోసి, అటూ ఇటూ పక్క చెక్కలు అతికించాలి. నారలన్నీ ఒకే దిక్కున పోవాలి. 12 మిల్లీమీటర్ల బ్లేడుకు నడిమి ముక్క మందం 12.5 ఉంచండి. మన ఏప్రిల్, మే ఎండలకు చెక్క ముడుచుకుంటుంది. ఆ అర మిల్లీమీటరు వదలకపోతే బ్లేడు ఇరుక్కుని పక్క చెక్క పగులుతుంది.

ఎక్కువ మంది ఓడిపోయేది బ్లేడు దగ్గర. ఇనుము కోసే హాక్సా బ్లేడు దాదాపు 12 మిల్లీమీటర్ల వెడల్పే కదా అని తీసుకుంటారు. దాని మందం 0.65 మిల్లీమీటరే. కోతలో అది వంగి అదురుతుంది, చెక్క మీద అలలు పడతాయి. పాత ఆకురాయి ఉక్కు మేలు. ముక్కను ఎర్రగా కాల్చి, బూడిదలో రాత్రంతా వదిలేస్తే మెత్తబడుతుంది. అప్పుడు 1.5 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి ఆకారం తేవాలి. ఆ తర్వాత పానం పట్టాలి, అంటే ఉక్కును మళ్లీ గట్టిపరచాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసే దాకా కాల్చి, ఇంకొంచెం వేడి ఇచ్చి, గోరువెచ్చని పల్లి నూనెలో నిలువుగా ముంచాలి. అడ్డంగా పడేస్తే వంకర పోతుంది. ఇంత పలచటి ముక్క గాలిలోనే క్షణాల్లో చల్లారుతుంది కాబట్టి నూనె గిన్నె మంటకు జానెడు దూరంలోనే, మంట తగలకుండా ఉండాలి, దగ్గర మూత పెట్టుకోవాలి. పిల్లలతో ఈ పని చేయించవద్దు.

ఆకురాయి దాని మీద జారిపోతుంటే గట్టిపడినట్టే, కానీ గాజులా విరుగుతుంది. ఆ పెళుసుదనం తగ్గడానికి మెరిసేలా రుద్ది, మందమైన ఇనుప పలక మీద వెనుక కొస నుంచి వేడి ఎక్కించండి. పదును అంచుకు ఎండుగడ్డి రంగు చేరగానే నీళ్లలో వేయాలి. పెద్ద ఉలికి ఆ రంగు నెమ్మదిగా నడిచి వస్తుంది, దీనికి రెప్పపాటులో నీలానికి మారుతుంది. నీలమైతే పదును నిలవదు, మొదటికి వచ్చి మళ్లీ కాల్చాల్సిందే.

సాన పట్టేటప్పుడు 30 డిగ్రీల వాలు 3 మిల్లీమీటర్లే ఉంటుంది. చేత్తో పడితే ఊగి అంచు గుండ్రమవుతుంది. అప్పుడు పొట్టుకు బదులు పొడి వస్తుంది, చాలామంది తప్పు ఉక్కుదని అనుకుంటారు. 30 డిగ్రీల కోత పెట్టిన చెక్కముక్కలో బ్లేడును బిగించి సాన పట్టండి.

రందా నోటిని (అడుగున బ్లేడు బయటికి వచ్చే సందును) మూసే ఉంచి, చివర సూది ఆకురాయితో కొంచెం కొంచెంగా తెరవాలి. మామూలు ఝెరాక్సు కాగితం రెండు పొరలు దూరితే చాలు. అడుగును గాజు పలక మీద 320 నంబరు గరుకు కాగితంతో చదును చేసేటప్పుడు బ్లేడును లోపలికి లాగి, బ్లేడును పట్టి ఉంచే చీలను బిగించే ఉంచాలి. ఆ బిగింపుకే అడుగు కాస్త వంగుతుంది. చీల లేకుండా చదును చేస్తే, తర్వాత బిగించగానే వంపు తిరిగి వస్తుంది.

కమానుతో తిప్పి చెక్కకు రంధ్రాలు చేసే బరమకైతే కుట్టుసూది మొనను చదును చేసి రెండు వైపులా పదును పెట్టాలి, కమాను లాగినా తోసినా కోయాలి కదా. నైలాన్ దారం జారుతుంది. మైనం రాసిన నూలు దారం పట్టుకుంటుంది.

2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలంటోంది. మన బడులు ఆ రోజుల్లో ఊరి వడ్లాయన దగ్గర ఉన్న పాత రందా, బాడిస, బరమల కొలతలు పిల్లలతో తీయిస్తే బాగుంటుంది. అవి కిలోల లెక్కన పాత ఇనుప సామాను బండ్లెక్కుతున్నాయి. కొలిచేటప్పుడు పొడవు, వెడల్పులతో ఆపకుండా బ్లేడు వాలు, నోటి వెడల్పు, పిడి ఏ చెక్కదో, బొటనవేలు ఆని అరిగిన గుంట ఎక్కడుందో కూడా రాసుకోవాలి. ఆ గుంటను చూస్తే పట్టు ఎక్కడో తెలుస్తుంది.

ఇట్లు,
చిన్న పనిముట్లు చేసే కొందరం,
నల్లగొండ