బ్లాక్ బిట్టర్న్ కోసం పల్లికరణైలో ఒక రోజు, ఇకపై మన యాత్రల్లో రానున్న మార్పులు

మా పక్షి వీక్షణ యాత్రలను ఆదరిస్తున్న చెన్నై తెలుగు మిత్రులందరికీ నమస్కారం.

గత ఆదివారం కొంగల కుటుంబానికి చెందిన బ్లాక్ బిట్టర్న్‌ను వెతుకుతూ పల్లికరణై చిత్తడి నేలకు వెళ్లిన మన బృందంలో ఎక్కువ మందికి ఆ పక్షి కనిపించలేదు. ఆ తర్వాత కొందరు రుసుములో కొంత వాపసు ఇవ్వమని అడిగారు. మరికొందరు వచ్చేసారి దాని కూతను స్పీకరులో వినిపించి బయటికి రప్పించమని కోరారు. ఈ రెండింటికీ దాపరికం లేకుండా జవాబు చెప్పవలసిన బాధ్యత నాది.

ఆ రోజు రాలేకపోయిన వారి కోసం ముందుగా జరిగింది చెబుతాను. సూర్యోదయానికి ముందే రేడియల్ రోడ్డు అంచుకు చేరుకున్నాం. ఒక పక్క పెరుంగుడి చెత్త దిబ్బ, ఇంకో పక్క పెద్ద పెద్ద భవనాలు, నడుమ జమ్ము, తుంగ, గుర్రపుడెక్క. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరిన ఈ చిత్తడి నేల సుమారు 1,248 హెక్టార్లు. ఒకప్పటి విస్తీర్ణంలో ఇది కొద్ది భాగమే. దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీరు ఇక్కడికి చేరి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందుకే ఎండ ముదిరాక మేము కూడా ఆ నీటి దారినే పట్టి ముట్టుకాడు, కోవళం వైపు వెళ్లి, సాయంత్రానికి మళ్లీ పల్లికరణై చేరుకున్నాం.

ఉదయం అందరినీ కట్టిపడేసింది ఒక యెల్లో బిట్టర్న్. అది మెడ నిటారుగా సాచి, ముక్కు ఆకాశం వైపు ఎత్తి, జమ్ము కాడల మధ్య కదలకుండా నిలబడింది. గొంతు మీది నిలువు చారలు కాడల నీడలతో ఎంతగా కలిసిపోయాయంటే, టెలిస్కోపు సరిగ్గా దాని మీదే ఉన్నా చాలామంది పక్షి ఎక్కడుందని అడుగుతూనే ఉన్నారు. గుర్రపుడెక్క ఆకుల మీద పొడవాటి వేళ్లతో నడిచే జకానాలు కూడా కనిపించాయి. చలికాలం కావడంతో వాటికి గుడ్లు పెట్టే కాలంలో పెరిగే పొడవాటి తోక లేదు.

బ్లాక్ బిట్టర్న్ ఇంతకంటే మరుగుగా బతికే పక్షి. వెలుగు తక్కువగా ఉండే ఉదయ సాయంత్రాల్లోనే ఎక్కువగా తిరుగుతూ, దట్టమైన జమ్ము లోపల కప్పలను, చేపలను, పురుగులను పట్టుకుని తింటుంది. సాయంత్రం పొద్దు వాలుతుండగా ముదురు రంగు పక్షి ఒకటి జమ్ములోంచి లేచి, మెడ పక్కన పసుపు పట్టీ కనిపించేలా తక్కువ ఎత్తులో ఎగిరి, క్షణాల్లో ఇంకో పొదలోకి దిగిపోయింది. వరుసలో కుడి చివర నిలబడిన వారికి మాత్రమే అది దక్కింది. మిగిలిన వారి నిరాశ నాకు అర్థమైంది.

ఇక కూత వినిపించే విషయం. రికార్డు చేసిన కూత విన్న పక్షి తన తావులోకి మరో పక్షి చొరబడిందనుకుని మేత వదిలేస్తుంది; గుడ్లు పెట్టే కాలమైతే గూడు కూడా విడిచి బయటికి రావచ్చు. ఒక్క బృందం ఒక్కసారి చేస్తే పోయేదేముందని అనిపించవచ్చు గానీ, నగరానికి ఇంత దగ్గరలో, రోడ్డు అంచునే ఉన్న చోటికి వారం వారం ఎన్నో బృందాలు వస్తాయి. కాబట్టి మా యాత్రల్లో కూత వినిపించడం ఉండదు, జమ్ములోకి దిగడమూ ఉండదు. ఇందువల్ల కొందరు కస్టమర్లు నాకు దూరమైనా సరే, ఈ నిర్ణయం మారదు.

రుసుము వాపసు ఇవ్వలేను. మీరు చెల్లించిన మొత్తం వ్యాను కిరాయికి, మార్గదర్శి రోజు కూలికి, బైనాక్యులర్ల నిర్వహణకు, ఉదయం ఫలహారానికి ఖర్చయింది. అయితే ఆ రోజు వచ్చిన వారు ఈ నెలలో మరో ఉదయం యాత్రకు వ్యాను ఖర్చు మాత్రమే ఇచ్చి రావచ్చు.

రెండు మార్పులు కూడా చేస్తున్నాను. బృందంలో ఇకపై పన్నెండు మందికి బదులు ఆరుగురే ఉంటారు. పొడవైన వరుసలో నిలబడితే ఒక చివరి వారికి కనిపించింది మరో చివరి వారికి కనిపించదు. పైగా మాటల సవ్వడి ఎక్కువై పక్షులు లోపలికి జరుగుతాయి. దీనివల్ల మనిషికి రుసుము 1,200 రూపాయల నుంచి 1,700 రూపాయలకు పెరుగుతుంది. ఈ పెంపు కొందరికి భారమని తెలుసు; విద్యార్థులకు మాత్రం పాత రుసుమే ఉంటుంది. ఇక ప్రకటనల్లో ఏ ఒక్క పక్షి పేరూ ముఖ్యంగా పెట్టం, వెళ్లే చోటు పేరే ఉంటుంది.

వచ్చే యాత్రకు పేర్లు ఇవ్వదలచిన వారు గురువారం లోపు తెలియజేయండి. ముదురు ఆకుపచ్చ లేదా మట్టి రంగు దుస్తులు వేసుకుని, ఫోనులోని పక్షి కూతల యాప్‌ల శబ్దం ఆపి రండి.