మనిషి లేని తెప్పల గురించి కేంద్ర మత్స్యశాఖ మంత్రి గారికి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా విశాఖ జాలరిపేటలో తెప్ప అంటే మనిషి కూర్చునేది. గాలానికి పెద్ద సూర (ట్యూనా చేప) పడితే తాడు అరచేతిని కోసేస్తుంది. ఆ గీతలు చూసి ఎవరు సూర వేటకెళ్తారో చెప్పేయొచ్చు.

హిందూ మహాసముద్రంలో ఇంకో రకం తెప్పలున్నాయి. ఫ్యాడ్ అంటారు. వాటి మీద మనిషి ఉండడు. తేలే చట్రం, కింద వేలాడే తాళ్లు, పైన శాటిలైట్ బోయా, అంతే. ఆ నీడన చేపలు చేరగానే ఎన్ని చేరాయో బోయాయే ఓడకి కబురు పెడుతుంది. ఓడ వచ్చి, మన రింగు వల లాంటిదే కానీ ఎన్నో రెట్లు పెద్ద వలతో చుట్టేస్తుంది. నామాల సూరతో పాటు రెక్క సూర పిల్లలూ (ఎక్స్‌పోర్టు వాళ్లు ఎల్లోఫిన్ అంటారు) గుడ్డు పెట్టకముందే పోతాయి. స్పెయిన్, ఫ్రాన్స్ కంపెనీల ఓడలది ఇందులో పెద్ద వాటా.

2023 ఫిబ్రవరిలో కెన్యాలోని మొంబాసాలో హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ (ఈ సముద్రంలో సూర వేటకి నియమాలు పెట్టే దేశాల కూటమి) ఏటా 72 రోజులు ఈ తెప్పల దగ్గర వేట ఆపాలని ఓటేసింది. యూరోపియన్ యూనియన్, మరికొన్ని దేశాలు అభ్యంతరాలు రాసి దాన్ని అమలు కాకుండా చేశాయి. మన తూర్పు తీరంలో మరపడవలు ఏటా 61 రోజులు ఒడ్డునే ఉంటాయి. అంత పెద్ద కంపెనీలకి 72 రోజులు బరువైపోయాయి!

ఆ తర్వాత 2024లో బ్యాంకాక్‌లో ఓడకి 300 ఉన్న ఫ్యాడ్‌లను 2028 నాటికి 225కి తగ్గించాలని ఒప్పుకున్నారు. అదీ ఊరికే రాలేదు. గాలం వేట జాలర్ల తరఫున ఇంటర్నేషనల్ పోల్ అండ్ లైన్ ఫౌండేషన్ ఏళ్ల తరబడి వెంటపడింది. బ్లూ మెరైన్ ఫౌండేషన్ ఓడలు ఎక్కడున్నాయో చెప్పే సిగ్నళ్లు తవ్వి, ఆ సిగ్నళ్లు ఎప్పుడు మాయమవుతున్నాయో లెక్క తీసింది. రెక్క సూర కోలుకుందని 2024 అంచనా చెప్పింది, సంతోషమే. జ్వరం తగ్గిందని పథ్యం మానేస్తామా?

మనమూ పూర్తిగా కడిగిన ముత్యాలం కాదు. రెక్క సూర పట్టుబడిని తగ్గించే కమిషన్ 2019 తీర్మానం మీద మన ప్రభుత్వమే అభ్యంతరం రాసింది. చిన్న జాలర్ల కోసం అన్నారు. కానీ ఏం రాస్తున్నారో ఆ జాలర్లకి ఎవరైనా చెప్పారా?

కమిషన్ వచ్చే సమావేశానికి ముందే మన వైఖరిని తెలుగులో, తమిళంలో, మలయాళంలో ప్రకటించండి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక పూట కూర్చుని వినండి. వెళ్లే బృందంలో గాలం వేసే మనిషి ఒకరైనా ఉండాలి. ఇంగ్లీషు రాదంటారా, పక్కన దుబాసీని కూర్చోబెట్టండి.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక పౌరుడు