టీ నగర్ నుంచి బావకు

బావా,

ఎలా ఉన్నావు? కంటి ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు మానకుండా వేసుకుంటున్నావా? బాగానే కనబడుతోంది కదా అని మధ్యలో ఆపేస్తావేమోనని మా చెల్లెమ్మ భయపడుతోంది. ఆమె మాట విను. ఈ ఉత్తరం పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అయినా కష్టమైతే ఆమె చేత చదివించుకో.

"లారీ స్టీరింగ్ వదిలాక ఇంట్లో హాయిగా కూర్చోక, ఆ మద్రాసు ఎండలో రోడ్డు మీద నిలబడితే ఏం వస్తుందిరా నీకు?" అని మొన్న ఫోన్లో అడిగావు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఒక పక్క టీవీ మోత, ఇంకో పక్క మనవడి గోల. బడి పిల్లలను రోడ్డు దాటించే ఈ పని గురించి రెండు ముక్కల్లో చెప్పడం నాకు ఇష్టం కూడా లేదు. అందుకే తీరిగ్గా కూర్చున్నాను.

వెంకటనారాయణ రోడ్డులో మన తిరుపతి దేవస్థానం వాళ్ల గుడి గుర్తుందా? ఒకసారి లోడు దించాక ఇద్దరం వెళ్లాం. మా స్కూలు ఆ చుట్టుపక్కలే. పానగల్ పార్కు దగ్గర మెట్రో పనులు మొదలుపెట్టి పెద్ద రోడ్లకు రేకులు అడ్డం కట్టారు. దాంతో ఎప్పుడూ లేని బండ్లన్నీ సందుల్లోకి వచ్చిపడ్డాయి. పిల్లలను దాటించడానికి ఒక మనిషి కావాలని స్కూలు వాళ్లకు అనిపించింది అప్పుడే. బండి తోలిన మనిషికైతే బండ్ల సంగతి తెలుస్తుందని నన్ను పెట్టుకున్నారు. రేడియం జాకెట్, విజిల్, స్టాప్ బోర్డు ఇచ్చారు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట పని. మధ్యలో ఇంటికొచ్చి అన్నం తిని కాసేపు నడుం వాలుస్తాను.

జీతం ఇచ్చేది ఈ ప్రైవేటు స్కూలే అయినా, కొంచెం ముందుకెళితే కార్పొరేషన్ బడి ఉంది. ఆ పిల్లలు కూడా నా జీబ్రా గీతల మీదుగానే దాటాలి. యూనిఫాం రంగు చూసి దాటించడం నా వల్ల కాదు. మా హెడ్మాస్టరమ్మ కూడా ఇంతవరకూ ఒక్క మాట అనలేదు, మంచి మనిషి.

పొద్దున అందరికన్నా ముందు వచ్చేది ఆ కార్పొరేషన్ బడి పిల్లలే. ఎందుకో తెలుసా? టిఫిన్ కోసం. తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు పొద్దున్నే టిఫిన్ పెడతారు. ఆ పథకం 2022 సెప్టెంబర్ 15న మొదలైంది. ఉప్మా, కిచిడీ, పొంగల్, సాంబారు. నా చెయ్యి పట్టుకుని దాటుతూ "తాతా, ఇన్నిక్కి పొంగల్" అని, అంటే ఇవాళ పొంగల్ అని, ముందే చెప్పేస్తారు. నాకెలా తెలియాలి చెప్పు, వాళ్లకే తెలుసు. ఒక రెండో తరగతి పిల్లకు ఉప్మా అంటే గిట్టదు. ఉప్మా ఉన్న రోజు నడక నెమ్మది, పొంగల్ ఉన్న రోజు నేను ఆపినా ఆగదు. దాని కాళ్లు చూసి ఆ రోజు టిఫిన్ ఏంటో చెప్పేస్తాను.

బడిలో పిల్లలకు తిండి పెట్టాలన్న ఆలోచన ఈ ఊళ్లో చాలా పాతది బావా. ఈ టీ నగర్ ఎవరి పేరు మీద ఉందనుకున్నావు? పిట్టి త్యాగరాయ చెట్టి గారు, మన తెలుగాయనే. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు 1920లో థౌజండ్ లైట్స్‌లో ఒక కార్పొరేషన్ బడి పిల్లలకు తిండి పెట్టించారు. మా స్కూల్లో తెలుగు చెప్పే టీచరమ్మ ఈ సంగతి చెప్పింది. అప్పటి నుంచి ఆ పిల్లలు టిఫిన్‌కు పరుగెత్తుకొస్తుంటే త్యాగరాయ చెట్టి గారు గుర్తొస్తారు.

ఇక చేతుల సంగతి చెప్పాలి. నా సంతోషంలో సగం అక్కడే ఉంది. మన చేతులు ఏం పట్టుకున్నాయి ఇన్నాళ్లూ? స్టీరింగు, గేరు రాడ్డు, జాకీ, టార్పాలిన్ తాళ్లు. ఇప్పుడు రోజూ పొద్దున్నే చిన్న చిన్న చేతులు వచ్చి వాటంతటవే నా చేతిలో దూరతాయి. ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు అంచుకు రాగానే ఆ చెయ్యి పైకి లేస్తుంది, నేను అక్కడ ఉంటానని దానికి నమ్మకం. ఒకడు చిటికెన వేలు మాత్రమే ఇస్తాడు. ఒకడి చేతికి ఎప్పుడూ పెన్సిల్ పొట్టు అంటుకుని ఉంటుంది. ఒక పిల్ల రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని వేలాడుతూ దాటుతుంది. ఐదో తరగతికి వచ్చిన ఒక మొనగాడు ఈ ఏడాది చెయ్యి ఇవ్వడం మానేశాడు, పెద్దవాడైపోయాడు కదా. నాకన్నా ఒక అడుగు ముందు నడుస్తాడు, రోడ్డు మధ్యకు రాగానే మాత్రం నేను వెనక ఉన్నానో లేదో ఓరగా చూసుకుంటాడు. ఉన్నాన్రా అని చిన్నగా విజిల్ ఊదుతాను. వాడికి అది చాలు.

నువ్వూ నేనూ కేబిన్లో కూర్చుని బతికినవాళ్లం కాబట్టి ఇది నీకు బాగా అర్థమవుతుంది. బంపర్‌కు ఆనుకుని నిలబడ్డ ఒకటో తరగతి పిల్లాడు డ్రైవర్‌కు కనబడడు. ఎడమ పక్క డోరు కింద నిలబడ్డవాడు అసలే కనబడడు. పిల్లలకు అది తెలియదు. తమకు బండి కనబడుతోంది కాబట్టి బండివాడికీ తాము కనబడుతున్నామని అనుకుంటారు. వచ్చే బండి వేగం అంచనా వేయడం కూడా చిన్నపిల్లలకు ఇంకా రాదు. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. డ్రైవర్ చూసి బ్రేకు మీద కాలు వేసేలోపు ఒక సెకను పోతుంది. అంటే బ్రేకు పడకముందే 10 మీటర్లు వచ్చేస్తుంది బండి. ఈ లెక్కలు మన ఒంట్లోనే ఉన్నాయి కదా, రోడ్డు చూడగానే తెలుస్తాయి. ఇంతకాలం ఆ తెలివి సరుకును క్షేమంగా చేర్చడానికి వాడాను. ఇప్పుడు పిల్లలను అవతలికి చేర్చడానికి వాడుతున్నాను. అంతకన్నా ఏం కావాలి బావా నాకు?

అందుకే వాళ్లకు ఒకటే పాఠం చెప్పాను. డ్రైవర్ చెయ్యి ఊపి రమ్మన్నా కదలొద్దు, చక్రం చూడు. చక్రం పూర్తిగా ఆగితేనే కాలు దించు. ముందు కుడి, తర్వాత ఎడమ, మళ్లీ కుడి. ఇప్పుడు వరసగా నిలబడి అందరూ ఒక్కసారి కుడికి తల తిప్పుతుంటే చూడాలి నువ్వు. మొన్న ఒక పిల్లాడు వాళ్ల నాన్ననే చొక్కా పట్టి ఆపాడు. "అప్పా, చక్రం ఇన్నుం నిక్కల" అన్నాడు, నాన్నా చక్రం ఇంకా ఆగలేదు అని. ఆయన నా వైపు చూసి దండం పెట్టాడు. ఆ రోజు నాకు ఆకలి కూడా వేయలేదు.

నీళ్ల ట్యాంకర్ల సంగతి వేరే చెప్పాలి. ఈ ఊళ్లో ఎండాకాలం వస్తే వాటిదే రాజ్యం. ట్యాంకు సగం నిండి ఉంటే బ్రేకు కొట్టినప్పుడు లోపల నీళ్లు ముందుకు తోసుకొచ్చి బండిని ఇంకొంచెం నెడతాయి, నీకు తెలిసిందే. అందుకని ట్యాంకర్ దూరంగా కనబడగానే బోర్డు ఎత్తేస్తాను. మొదట్లో వాళ్లు హారన్ మీద నుంచి చెయ్యి తీసేవాళ్లు కాదు. ఒకతను మన కావలి వైపు వాడు. ఒకరోజు బండి పక్కకు తీసి, "ఏం పెద్దాయనా, ఇంత దూరం నుంచే ఆపుతున్నావు?" అని తెలుగులో అడిగాడు. నేనూ లారీవాణ్ణేనని చెప్పి, నీళ్లు ఎంత ఉన్నాయని అడిగాను. "సగం" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఇప్పుడు నా గీతలకు చాలా ముందే ఆగి, పిల్లలందరూ దాటేదాకా ఇంజిన్ రేజ్ చేయకుండా ఉంటాడు. అతణ్ణి చూసి మిగతా ట్యాంకర్లూ నేర్చుకున్నాయి. రోడ్డు మీద మర్యాద అలాగే పాకుతుంది. ఒకడు ఆగితే వెనకవాడూ ఆగుతాడు.

మా పెద్దదాని కూతురు ఇంగ్లండులో ఉంది కదా. అక్కడ కూడా నా ఉద్యోగం ఉందట. లాలీపాప్ మనిషి అని పిలుస్తారట, చేతిలో పొడుగు కర్రకు గుండ్రటి బోర్డు ఉంటుంది కాబట్టి. 1953లోనే దానికి చట్టం చేశారు. ఆ బోర్డు చూపించినా ఆగకపోతే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు, లైసెన్సు మీద మూడు పాయింట్లు కూడా పడతాయి. నా బోర్డుకు అంత బలం లేదు. కానీ జీబ్రా గీతల దగ్గర నడిచేవాళ్లకే ముందు దారి ఇవ్వాలని మన 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. ఎవరైనా గొడవకు వస్తే అదే చెబుతాను. మనవరాలు పంపిన ఫోటో చూశాక స్కూలు వాళ్లను అడిగి నా బోర్డుకూ పొడుగు కర్ర బిగించుకున్నాను. ఇప్పుడు ఆటో వెనకాల ఉన్న బస్సు డ్రైవర్‌కు కూడా బోర్డు కనబడుతుంది. అరిగిపోయిన గీతలకు మళ్లీ తెల్ల పెయింటు వేసిన రోజైతే నాకు పండగే. పిల్లలు ఆ గీతల మీదే గెంతుతూ దాటారు, నల్ల చోట కాలు పడితే ఔటట.

హెల్మెట్ల విషయంలో మాత్రం నేను ఊరుకోను. నాన్న తలకు ఉంటుంది, ముందు నిలబడ్డ పిల్లకు ఉండదు. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఉండాలని చట్టం. అంతకన్నా చిన్నపిల్లలకు కూడా హెల్మెట్, పెద్దవాళ్లతో కలిపి కట్టే బెల్టు ఉండాలని, బండి 40 దాటకూడదని 2022లో నియమం తెచ్చారు. కసురుకోకుండా, పిల్ల పేరు పెట్టి పిలిచి "అమ్మా, నీ టోపీ ఏదీ?" అని అడుగుతాను. పిల్లే ఇంటికెళ్లి పేచీ పెడుతుంది. ఒకాయన నెల తిరిగేసరికి గులాబీ రంగు హెల్మెట్ కొన్నాడు. ఆ పిల్ల బండి దిగాక కూడా దాన్ని తీయకుండా క్లాసుకు వెళ్లిపోయింది. సాయంత్రం కూడా దాంతోనే బయటకు వచ్చింది, జడలు చెమటతో తడిసిపోయి.

ఇక్కడ అసలు వానలు మన నెల్లూరులాగే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కలెక్టర్ సెలవు ప్రకటించాడా లేదా అని పొద్దున్నే పిల్లలు నన్నే అడుగుతారు, నేనేదో ఆఫీసులో కూర్చున్నట్టు! సెలవు లేని వాన రోజున పని గట్టిగానే ఉంటుంది. నీళ్ల కింద గుంత ఎక్కడుందో తెలియదు. ముందు నేను కర్రతో పొడిచి చూసి, వెనకాల ఒక్కొక్కరిని తీసుకెళతాను. చిన్నవాళ్లను ఎత్తుకుని దాటిస్తాను. రెయిన్‌కోటు లోపల నుంచి ఒక గొంతు "తాతా, ఉనక్కు కొడ ఇల్లియా?" అని అడుగుతుంది, నీకు గొడుగు లేదా అని. నా జాకెట్ తడిసి ముద్దయినా ఆ మాటకు వెచ్చగా ఉంటుంది.

ఆయుధ పూజకు మనం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిలించేవాళ్లం కదా. ఇక్కడ సెలవుకు ముందు రోజే స్కూల్లో పూజ చేశారు. బెల్లు, కంప్యూటర్లు, స్కూలు బస్సు అన్నిటికీ బొట్లు పెట్టారు. నేను నా స్టాప్ బోర్డు ఒక మూల పెట్టి నిలబడ్డాను. నాలుగో తరగతి పిల్లలు వచ్చి దానికి గంధం రాసి, కుంకుమ పెట్టి, కర్రకు బంతిపూల దండ చుట్టారు. విజిల్‌కు కూడా చిన్న బొట్టు పెట్టారు. ఎన్ని లారీలకు పూజ చేశాం బావా మనం! కానీ నా కళ్లల్లో నీళ్లు తిరిగింది మాత్రం ఈ బోర్డు దగ్గరే.

నువ్వు ఒకసారి రా. రెండో శనివారం చూసుకుని రావద్దు, స్కూలు ఉన్న రోజున రా. సెంట్రల్లో దిగి, ఎదురుగా పార్క్ స్టేషన్లో తాంబరం లోకల్ ఎక్కితే మాంబళంలో దిగొచ్చు. అక్కడ నుంచి నేను తీసుకెళతాను. నెల్లూరు మలై కాజా తెస్తే ఎక్కువే తీసుకురా. పిల్లలకు బయటి తిండి పెట్టనివ్వరు. హెడ్మాస్టరమ్మకు, తెలుగు టీచరమ్మకు, ఆ కావలి అబ్బాయికి ఇవ్వాలి. కన్ను పూర్తిగా నయమైందని డాక్టర్ చెప్పాకే బయలుదేరు, ఇక్కడ దుమ్ము ఎక్కువ.

చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు. జవాబు రాయి, ఫోన్ చేసి సరిపెట్టొద్దు.

నీ పాత జోడీ