ప్రపంచ సినిమాకు ఏటా ఒక వారం ఇవ్వండి: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను సినిమా పరిశ్రమ మనిషిని కాను, టికెట్ కొనుక్కుని చూసే ప్రేక్షకుడిని. తెలుగు సినిమా ఎంత ఇష్టమో హాలీవుడ్, ఇరాన్, జపాన్, కొరియా సినిమాలూ అంతే ఇష్టం. టికెట్ రేట్లు, బెనిఫిట్ షోలు, షూటింగ్ పర్మిషన్ల మీద మీకు వినతులు వస్తూనే ఉంటాయి. నేను అడిగేది వేరు. మన ప్రభుత్వం హైదరాబాద్‌లో ఏటా ఒక అంతర్జాతీయ ఫిలిం ఫెస్టివల్ జరపాలి. అక్కడ వేసే విదేశీ సినిమాల కింద తెలుగు సబ్‌టైటిల్స్ పడాలి.

హాలీవుడ్‌కు మన దగ్గర లోటేమీ లేదు. 2022 డిసెంబరులో ‘అవతార్’ రెండో భాగం వచ్చినప్పుడు తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశారు. పిల్లాపాపలతో వెళ్లి, త్రీడీ కళ్లజోళ్లు పెట్టుకుని జనం చూశారు. మరుసటి ఏడాది ‘ఓపెన్‌హైమర్’ వచ్చింది. పాట లేదు, ఫైటు లేదు. మూడు గంటల సేపు శాస్త్రవేత్తలూ లాయర్లూ గదుల్లో కూర్చుని మాట్లాడుకుంటారు. దానికి హైదరాబాద్‌లో తెల్లారకముందే లేచి వెళ్లిన కుర్రాళ్లు ఉన్నారు. అందుకే మసాలా లేకపోతే మనవాళ్లు సీట్లో కూర్చోరనే మాట నేను ఒప్పుకోను. అయితే హాలీవుడ్ నుంచి మన తెరల దాకా వచ్చేది చాలావరకు సూపర్‌హీరోలు, రాక్షసబల్లులు, సీక్వెల్సే. అదే అమెరికాలో తక్కువ డబ్బుతో, మనుషుల మధ్య నడిచే మంచి సినిమాలు ఎన్నో తీస్తున్నారు. అవి ఇక్కడ విడుదలైనా రెండు మూడు మల్టీప్లెక్సుల్లో, పనివేళల్లో ఒక షో పడుతుంది. శుక్రవారం వచ్చి గురువారానికి వెళ్లిపోతాయి.

ఇక మిగతా ప్రపంచం సినిమాలకైతే ఆ ఒక్క షో కూడా దొరకదు.

ఇరాన్ దర్శకుడు అస్గర్ ఫర్హాదీ 2011లో తీసిన ‘ఎ సెపరేషన్’ సంగతి చెబుతాను. మతిమరుపు జబ్బుతో ఉన్న ఒక ముసలాయన్ని చూసుకోవడానికి ఇంటికి ఒక పనిమనిషి వస్తుంది. మొదటి రోజే ఆయన బట్టలు తడుపుకుంటాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. పరాయి మగవాడికి బట్టలు మార్చడం పాపమేమోనని ఆమెకు భయం. ఫోన్ తీసి, మతపరమైన సందేహాలు తీర్చేవాళ్లకు చేసి, ఆయన్ని శుభ్రం చేస్తే తప్పవుతుందా అని అడుగుతుంది. పక్కన ఆమె చిన్న కూతురు, నాన్నకు చెప్పనులే అంటుంది. ఇందులో విలన్ లేడు. అందరూ ఎంతోకొంత నిజమే చెబుతారు, అందరూ ఎంతోకొంత దాస్తారు. టెహ్రాన్ అపార్ట్‌మెంట్‌లో జరిగిన ఆ కథ కూకట్‌పల్లిలోనూ జరగొచ్చు. దానికి ఆస్కార్ వచ్చింది. అయినా మన రాష్ట్రంలో ఎక్కువమంది సినిమా ప్రియులు దాన్ని ఫోన్ తెర మీదే, ఇంగ్లీషు అక్షరాల వెంట పరుగెత్తుతూ చూడాల్సి వచ్చింది.

1953లో జపాన్ దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ కూడా అంతే. ఊళ్లో ఉండే తల్లిదండ్రులు పిల్లల్ని చూద్దామని టోక్యో వెళతారు. పిల్లలు చెడ్డవాళ్లు కారు, తీరిక లేనివాళ్లు. ఏం చేయాలో తోచక అమ్మానాన్నల్ని అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపేస్తారు. అక్కడి హోటల్లో రాత్రంతా పాటలు, గోల. ఇద్దరికీ నిద్ర పట్టదు. పొద్దున్నే సముద్రపు గట్టు మీద కూర్చుని, ఇక మన ఊరికి పోదామా అనుకుంటారు. కొడుకో కూతురో అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు కరీంనగర్‌లో, నల్లగొండలో, ఖమ్మంలో ఇంటింటా ఉన్నారు. ఆరు నెలలు డాలస్‌లో ఉండి వచ్చిన ఒక అమ్మకు ఈ సినిమాను ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. ఆమె చదువుకోగలిగే భాషలో మాటలు తెర మీద పడితే చాలు.

ఫెస్టివల్ అనేది హైదరాబాద్‌కు కొత్త కాదు. 1986లో ఫిల్మోత్సవ్ అనే అంతర్జాతీయ చిత్రోత్సవం ఇక్కడే జరిగింది. తర్వాత 1990ల నుంచి బాలల అంతర్జాతీయ చిత్రోత్సవం, అందరూ గోల్డెన్ ఎలిఫెంట్ అని పిలుచుకునే పండగ, రెండేళ్లకోసారి మన ఊరికి వచ్చేది. స్కూలు బస్సుల్లో పిల్లలు దిగేవాళ్లు. ఒకసారి నా వెనక వరసలో ఒక గవర్నమెంటు స్కూలు టీచరమ్మ కూర్చున్నారు. తెర మీద ఇంగ్లీషులో పడుతున్న ప్రతి మాటనూ తన పిల్లలకు తెలుగులో గుసగుసగా చెబుతూ పోయారు. సినిమా సగానికి వచ్చేసరికి చుట్టుపక్కల వరసల్లో వేరే స్కూళ్ల పిల్లలూ ఆమె వైపు ఒరిగారు. ఆమె చేసిన పని ప్రభుత్వం చేయాల్సింది. 2017 నవంబరులో 20వ ఉత్సవం జరిగాక ఆ ఏనుగు మళ్లీ మన ఊరికి రాలేదు. ఆ పండగ జరిపే కేంద్ర సంస్థ బాలల చిత్ర సమితిని 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఇప్పుడు పదేళ్లున్న మన పిల్లల్లో ఒక్కరికీ ఆ పండగ తెలియదు. దాన్ని తిరిగి హైదరాబాద్‌కు ఇవ్వమని మీరు కేంద్రాన్ని గట్టిగా అడగాలి.

ఏటా డిసెంబరులో మన సినిమా ప్రియులు కొందరు సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. బోగీ నిండా అయ్యప్ప మాలధారులు ఉంటారు. వాళ్లది శబరిమల యాత్ర. వీళ్లు మాత్రం తిరువనంతపురంలో దిగి, కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళతారు. 1996లో మొదలైన ఆ ఉత్సవాన్ని ఇప్పుడు అక్కడి ప్రభుత్వ చలచిత్ర అకాడమీ నడుపుతోంది. కైరళి, శ్రీ, నిళ థియేటర్లు ప్రభుత్వ సంస్థవే కాబట్టి తెరల కోసం ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. కాలేజీ పిల్లలు మెడలో పాసులు వేసుకుని ఒక హాలు నుంచి ఇంకో హాలుకు పరుగెత్తుతారు. సీటు దొరక్కపోతే మెట్ల మీద కూర్చుంటారు. 2013లో కొరియా దర్శకుడు కిమ్ కి-డుక్ అక్కడికి వస్తే, పెద్ద హీరో వచ్చినట్టు జనం చుట్టుముట్టారు. కొరియన్ ముక్క రాని ఊళ్లో ఒక కొరియన్ దర్శకుడికి అంత ఆదరణ దొరికిందంటే అది ఏళ్ల తరబడి వేసిన సినిమాల ఫలితం. మలయాళంలో చిన్న బడ్జెట్ సినిమాలు ధైర్యంగా తీస్తున్నారని మనం తెగ మెచ్చుకుంటాం. అక్కడి ప్రేక్షకుడు తయారైన చోట్లలో ఆ ఉత్సవం ఒకటి. కోల్‌కతాలో 1995 నుంచి పండగ ఉంది. బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వమే జరుపుతోంది. దేశంలోనే పెద్ద సినీ పరిశ్రమల్లో ఒకటి ఉన్న హైదరాబాద్‌లో ప్రభుత్వం ఏటా జరిపే అలాంటి పండగ లేకపోవడం నాకు బాధగా ఉంది.

మన దగ్గర పునాది లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. హైదరాబాద్ ఫిలిం క్లబ్ దశాబ్దాలుగా సారథి స్టూడియోలో, ప్రసాద్ ల్యాబ్స్‌లో విదేశీ సినిమాలు వేస్తూ వచ్చింది. కరీంనగర్‌లో ఫిలిం సొసైటీ పుణ్యాన ఏకంగా ఫిలిం భవనే ఉంది. రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో మీ ప్రభుత్వ భాషా సాంస్కృతిక శాఖే సినివారం పేరుతో శనివారాలు సినిమాలు వేయించింది. కరీంనగర్ బిడ్డ, ఫాల్కే అవార్డు గ్రహీత జైరాజ్ పేరున్న ఆ హాలు చిన్నదే కానీ అక్కడ సినిమా చూసి బయటికొచ్చాక మెట్ల దగ్గర జరిగే వాదనలు ఏ పెద్ద మల్టీప్లెక్సులోనూ వినబడవు.

సబ్‌టైటిల్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఇంగ్లీషు సబ్‌టైటిల్ తెర మీద ఉండేది రెండు మూడు సెకన్లు. అంతలో చదివి, నటుడి ముఖం కూడా చూడాలంటే ఇంగ్లీషు బాగా అలవాటుండాలి. అందువల్ల ప్రపంచ సినిమా ఇంగ్లీషు మీడియం చదివినవాళ్ల సొత్తు అయిపోయింది. తెలుగు అక్షరాలు పడాలంటే సినిమా ప్రింటును ముట్టుకోనక్కర్లేదు. తెర కింద వేరే పట్టీ పెట్టి, ఇంకో ప్రొజెక్టర్‌తో మాటలు వేసే పద్ధతి విదేశీ ఫెస్టివల్స్‌లో ఎప్పటి నుంచో ఉంది. అనువాదానికి మన యూనివర్సిటీల తెలుగు శాఖల్లో విద్యార్థులున్నారు, డబ్బింగ్‌లో చేయి తిరిగిన రచయితలున్నారు. ఫెస్టివల్లో వేసే సినిమాలకు సెన్సార్ సర్టిఫికెట్ నుంచి కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. కాబట్టి చట్టం అడ్డు లేదు. ముందుగా అనుమతులు తెచ్చుకోవాలి, అంతే.

‘ఆర్‌ఆర్‌ఆర్’ను అమెరికాలో, జపాన్‌లో చూసినవాళ్లలో చాలామందికి తెలుగు రాదు. కింద పడే అక్షరాలు చదువుకుంటూ చూశారు, చప్పట్లు కొట్టారు, 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ ఇచ్చారు. మన సినిమా కోసం వాళ్లు పడిన ఆ కాస్త శ్రమ వాళ్ల సినిమా కోసం పడటానికి మనవాళ్లూ సిద్ధంగా ఉన్నారు.

2025 జూన్‌లో గద్దర్ సినిమా అవార్డులు ఇచ్చారు, సంతోషం. తీసినవాళ్లను గౌరవించిన ప్రభుత్వం చూసేవాళ్ల కోసమూ కొంత ఖర్చు పెట్టాలి. మొదటి ఏడాదే వందల సినిమాలు అక్కర్లేదు. ఒక వారం, నలభై సినిమాలు, హైదరాబాద్‌లో మూడు నాలుగు తెరలు చాలు. వాటిలో పది సినిమాలను తర్వాతి వారం వరంగల్, కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్ తీసుకెళ్లండి. విద్యార్థులకు పాసు నామమాత్రపు ధరకు ఇవ్వండి. సినిమాల ఎంపికను నిర్మాతలకో అధికారులకో కాక, ఫిలిం సొసైటీల్లో పనిచేసినవాళ్లకూ విమర్శకులకూ అప్పగించండి. ప్రారంభ సభలో తారల ప్రసంగాలు తగ్గించి, ఆ రోజే ఒక సినిమా ఎక్కువ వేయండి.

ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్, భాషా సాంస్కృతిక శాఖ, ఫిలిం సొసైటీలతో ఒక సమావేశం పిలవండి. వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు పెట్టండి. ఆ సమావేశం తేదీ ప్రకటిస్తే నాలాంటి ప్రేక్షకులం అనువాదాలకు, వాలంటీర్ పనులకు మా ఖర్చులతో వస్తాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక సినిమా ప్రేక్షకుడు