యజమాని మారితే ఇంజిన్ మారుతుంది

సంపాదకులకు నమస్కారం.

ఖరీదైన కార్ల సంస్థలు చేతులు మారినప్పుడల్లా మన పత్రికల్లో వచ్చే కథనాలు రెండే దారుల్లో నడుస్తున్నాయి. కొన్నది పరాయి సంస్థ అయితే పేరున్న బండికి ప్రాణం పోయినట్టేనని విలాపం, కొన్నది టాటా అయితే ఒకనాటి పాలకుల ఆస్తి మన చేతికి వచ్చిందని జయజయధ్వానం. సీట్ల తోలు రంగు గురించి నాలుగు వాక్యాలు రాసేవారు సైతం బానెట్ కింద ఉన్న ఇంజిన్ ఎవరి కర్మాగారంలో తయారైందో ఒక్క మాటైనా చెప్పరు. నిజానికి యాజమాన్యం ప్రభావం అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది అక్కడే. బ్రిటన్ కార్ల సంస్థ జాగ్వార్ కథనే తీసుకుంటే, ఆ కార్లకు ఎలాంటి ఇంజిన్ దక్కిందన్నది యజమాని అభిరుచిని బట్టి కాక, అరువివ్వడానికి అతని దగ్గర ఇంజిన్ ఉందా లేదా అన్నదాన్ని బట్టే తేలిందని నా అభిప్రాయం.

దీనికి కారణం కర్మాగారపు లెక్కల్లో ఉంది. కారు లోపలి చెక్కపనిని, తోలుపనిని కొద్ది సంఖ్యలోనైనా చేయించుకోవచ్చు, ఖర్చును కొనేవారి మీద వేయవచ్చు. ఇంజిన్‌తో అలా కుదరదు. సిలిండర్ బ్లాకును పోతపోసి, బోర్లను, అంటే పిస్టన్లు కదిలే రంధ్రాలను, మైక్రాన్ల లెక్కలో చెక్కి, క్రాంక్‌షాఫ్టును సానబట్టే యంత్రాల వరుస వేయడానికి అయ్యే పెట్టుబడి, ఆ వరుస మీద పెద్ద సంఖ్యలో ఇంజిన్లు దిగితే తప్ప తిరిగి రాదు. కాబట్టి తక్కువ కార్లు అమ్మే ప్రతి సంస్థా ఉన్న ఇంజిన్‌ను ఏళ్ల తరబడి సాగదీయాలి, లేదా ఎవరి యంత్రాల వరుసనో పంచుకోవాలి.

జాగ్వార్ మొదట సాగదీసింది. సంస్థ స్థాపకుల్లో ఒకరైన విలియం లయన్స్ స్వయంగా సంస్థను నడుపుతున్న రోజుల్లో, 1948లో లండన్ మోటార్ షోలో ఎక్స్‌కె120 కారుతో పాటు పరిచయమైన ఆరు సిలిండర్ల ఎక్స్‌కె ఇంజిన్, 1992లో జాగ్వార్ చేతిలోనే ఉన్న డైమ్లర్ పేరిట వచ్చిన లిమోజిన్‌తో పాటు సెలవు తీసుకునేదాకా 44 ఏళ్లు ఉత్పత్తిలో ఉంది. దీన్ని ఇంజనీర్ల ప్రతిభకు నిదర్శనంగా చెప్పుకోవడం మామూలే, అందులో నిజమూ ఉంది. కానీ 1968లో అనేక బ్రిటిష్ కార్ల సంస్థలు ఒకటైన బ్రిటిష్ లేలాండ్‌లో కలిసిన తరువాత కొత్త ఇంజిన్‌కు కావలసిన డబ్బు చేతికి అందకపోవడం కూడా ఆ దీర్ఘాయుష్షుకు కారణమే.

లేలాండ్ రోజుల నాటి ఒక సంగతి ఇక్కడ చెప్పి తీరాలి. తరువాత ఎక్స్‌జె40గా 1986లో బయటికి వచ్చిన కారును రూపొందిస్తున్నప్పుడు, అదే సంస్థలో భాగమైన రోవర్ వారి వి8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజిన్‌ను తమకు అంటగడతారేమోనని జాగ్వార్ ఇంజనీర్లు భయపడ్డారనీ, ఆ ఇంజిన్ ఎంత నొక్కినా పట్టకుండా కారు ముందుభాగపు చట్రాన్ని కావాలనే ఇరుకుగా గీశారనీ చెబుతారు. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నిలబడే ఇంజిన్ పొడవుగా ఉన్నా సన్నగా ఉంటుంది, వి ఆకారపు ఇంజిన్‌కు వెడల్పు కావాలి. ఎత్తు పారింది. అయితే జాగ్వార్ వారి సొంత వి12 కూడా వి ఆకారపుదే కదా! దాన్ని అదే కారులో కూర్చోబెట్టవలసి వచ్చినప్పుడు తాము కట్టుకున్న గోడే తమకు అడ్డం వచ్చింది. ముందుభాగాన్ని చాలామటుకు తిరిగి రూపొందించుకుని 1993లో గాని ఆ కారును అమ్మకానికి తేలేకపోయారు. ఇంతకీ వారు గేటు బయట నిలబెట్టిన రోవర్ వి8 కూడా రోవర్ సొంతం కాదు, 1960లలో అమెరికాలోని జనరల్ మోటార్స్ దగ్గర హక్కులు కొనుక్కున్నది.

1989లో ఫోర్డ్ వచ్చింది. జాగ్వార్‌ను ఫోర్డ్ పాడుచేసిందనే మాట అభిమానుల నోట స్థిరపడిపోయింది గాని, నేను దానితో పూర్తిగా ఏకీభవించలేను. 1996లో ఎక్స్‌కె8తో వచ్చిన ఏజె-వి8ను రూపొందించింది జాగ్వార్ ఇంజనీర్లే. దాన్ని తయారుచేయడానికి మాత్రం వేల్స్‌లోని బ్రిడ్జెండ్‌లో ఫోర్డ్ ఇంజిన్ కర్మాగారం దొరికింది, కావెంట్రీలో జాగ్వార్ ఇంజిన్లు తయారుచేస్తూ వచ్చిన రాడ్‌ఫర్డ్ కర్మాగారం మూతపడింది. ఒంటరిగా ఉన్న జాగ్వార్ అంతటి వి8ను చేసి ఉండగలిగేదా అంటే నాకు అనుమానమే. ఇక్కడ అరువు రెండు వైపులా నడిచింది: ఆ వి8ను 3.9 లీటర్లుగా మార్చి ఫోర్డ్ అమెరికాలో తన లింకన్ ఎల్ఎస్‌లో పెట్టుకుంది.

ఫోర్డ్ తప్పు చేసింది చిన్న ఇంజిన్ల దగ్గర. 1999 నాటి ఎస్-టైప్ కారు వి6కు ఫోర్డ్ వారి డ్యూరాటెక్ ఇంజిన్ ఆధారం. వాల్వులు నడిచే తీరును మార్చి, వాటి సమయాన్ని వేగాన్ని బట్టి సర్దే ఏర్పాటు చేర్చి జాగ్వార్ దాన్ని కొంత తనదిగా చేసుకుంది. 2001 నాటి ఎక్స్-టైప్ ఫోర్డ్ మోండియో పునాది మీద నిలబడిన కారు. 2003లో అదే కారుకు పెట్టిన జాగ్వార్ తొలి డీజిల్ ఇంజిన్ ఫోర్డ్ వారిదే. మోండియోలో ఉన్న ఇంజిన్‌కు జాగ్వార్ ధర ఎందుకు చెల్లించాలని కొనేవాడు అడిగితే అమ్మేవాడు చెప్పగల జవాబు లేదు. యజమాని గోదాములో ఇంజిన్లు నిండుగా ఉంటే జరిగేది ఇదే: వద్దనడానికి ఎప్పుడూ ఖర్చు అడ్డం వస్తుంది.

2008లో జాగ్వార్‌ను, ల్యాండ్ రోవర్‌ను కలిపి 230 కోట్ల డాలర్లకు కొన్న టాటా పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. జాగ్వార్‌లో పెట్టదగిన ఇంజిన్ టాటా దగ్గర లేదు. కాబట్టి కారు టాటాది, ఇంజిన్లు ఫోర్డ్ కర్మాగారాలవి అన్న ఏర్పాటు ఏళ్ల తరబడి కొనసాగింది. ఆ రోజుల్లో వచ్చిన 3 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వి6ను పరీక్షగా చూసినవారికి ఒక విచిత్రం తెలుస్తుంది. దాని బ్లాకు వి8 బ్లాకే. చివరి రెండు సిలిండర్ల చోట బోర్లు తొలవకుండా లోహాన్ని అలాగే వదిలేశారు. అందుకే ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు ఎనిమిది సిలిండర్ల పొడవు. ఇది ఇంజనీరింగ్ ఆదర్శం కాదు, బ్రిడ్జెండ్‌లో ఉన్న యంత్రాల వరుస మీదే మరో ఇంజిన్‌ను తీయడానికి చేసిన సర్దుబాటు. అదే వి6 పెట్టిన ఎఫ్-టైప్ కారు శబ్దానికి మురిసిపోయినవారిలో నేనూ ఒకణ్ణని ఒప్పుకుంటాను.

అరువివ్వలేని యజమాని సొంత ఇంజిన్‌కు డబ్బు పెట్టక తప్పలేదు. 2014లో వోల్వర్‌హాంప్టన్ దగ్గర ఇంజిన్ కర్మాగారం మొదలైంది. మరుసటి ఏడాది ఎక్స్ఈ కారులో ఇంజీనియం అనే సొంత ఇంజిన్లు వచ్చాయి. ఒక్కొక్క సిలిండర్ 500 సీసీ, కాబట్టి నాలుగు పేరిస్తే 2 లీటర్లు, ఆరు పేరిస్తే 3 లీటర్లు. ఈ లెక్క వల్లే ఒకే వరుసలో ఆరు సిలిండర్ల ఇంజిన్ 2019లో తిరిగి వచ్చింది. దాన్ని పాత సంప్రదాయానికి వందనంగా కొందరు రాశారు. వందనం కన్నా గుణకారమే ఎక్కువ పనిచేసిందని నేననుకుంటాను. ఇక వి8 వంటి పెద్ద ఇంజిన్‌ను తక్కువ సంఖ్యలో చేయడం పాత చిక్కుగానే మిగిలింది. బ్రిడ్జెండ్ 2020లో మూతపడింది, 2022 నాటి ల్యాండ్ రోవర్ వారి రేంజ్ రోవర్‌కు బీఎండబ్ల్యూ 4.4 లీటర్ల వి8 వచ్చింది. బీఎండబ్ల్యూ ఏలుబడిలో రూపుదిద్దుకుని 2002లో వచ్చిన రేంజ్ రోవర్‌లోనూ బీఎండబ్ల్యూ ఇంజిన్లే ఉండేవి, ఫోర్డ్ చేతికి వచ్చాక వాటి స్థానంలో జాగ్వార్ వి8ను పెట్టారు, ఇప్పుడు మళ్లీ మొదటికి వచ్చారు. 1998లో బెంట్లీని ఫోక్స్‌వ్యాగన్ కొన్నప్పుడు, పోటీదారు అయిన బీఎండబ్ల్యూ ఇంజిన్ బెంట్లీ కారు ఆర్నాజ్‌లో ఉండటం సహించలేక, 1959 నాటి మూలాలున్న 6.75 లీటర్ల పాత వి8ను మరుసటి ఏడాదే తిరిగి తెచ్చి పెట్టారు. ఆనాటి పట్టింపు ఈనాడు మామూలు సరఫరా ఒప్పందమైపోయింది.

జాగ్వార్ పూర్తిగా విద్యుత్ కార్లకు మారుతోంది గనుక ఇదంతా గతించిన గొడవేనని మీ పాఠకులు కొందరు అనుకోవచ్చు. అయితే ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో 40 గిగావాట్-అవర్ల సామర్థ్యంతో బ్యాటరీ కర్మాగారం కడుతున్నది టాటా సమూహానికే చెందిన అగ్రతాస్, దాని తొలి ఖాతాదారుల్లో ఒకటి జాగ్వార్ ల్యాండ్ రోవర్. ఇంజిన్ అరువివ్వలేకపోయిన యజమాని దగ్గర బ్యాటరీ ఉండబోతోందన్నమాట. మీ వాహనాల పుటలో ఇకమీదట ఏ ఖరీదైన కారును పరిచయం చేసినా, దాని ఇంజిన్ లేదా బ్యాటరీ ఎక్కడ తయారైందో, ఆ కర్మాగారం ఎవరిదో తెలిపే ఒక్క వాక్యం చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు