పటాకుల పర్మిషన్లిచ్చే సారుకు ఒక తాత బహిరంగ లేఖ

సార్, నమస్కారం.

మాది హనుమకొండ. పోయిన దీపావళి తర్వాత ప్రజావాణిలో మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. మూడుసార్లూ రసీదు ఇచ్చారు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. నాలుగో సోమవారం లైన్లో నిలబడే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

నా మనవడికి తొమ్మిదేళ్లు. మా వీధిలో వేసిన పటాకుల కొట్టులో చిచ్చుబుడ్లు విడిగా ఆరు కొన్నాను. పేపర్లో చుట్టి ఇచ్చాడు. జాగ్రత్తలు రాసి ఉండే డబ్బా కొట్టులోనే ఉండిపోయింది. వాకిట్లో ముగ్గు పక్కన పెట్టి కాకరపువ్వొత్తితో ముట్టించాడు. రెండు బాగానే వెలిగాయి. మూడోది ఒత్తి కాలి తుస్సుమంది. పొగ కూడా లేదు. "తాతా, ఇది ఆరిపోయింది" అంటూ వంగి తీయబోయాడు. "ఆగు బిడ్డా" అని నేను అనేలోపే పేలింది. అరచేయి, కనుబొమ్మ కాలాయి. పక్కింటావిడ టూత్‌పేస్ట్ తెచ్చింది, మా ఆవిడ పసుపు తెచ్చింది. అవేవీ పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి కింద చెయ్యి పెట్టాలని డాక్టరు చెబితే గాని మాకు తెలియలేదు. బకెట్ నీళ్లా? ఉన్నాయి సార్, బాత్రూంలో. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

మరి మీ వంతు? కొట్టుకూ కొట్టుకూ మధ్య 3 మీటర్లు, ఇళ్లకు 50 మీటర్ల దూరం ఉండాలని నిబంధన. మా గేటు నుంచి ఆ కొట్టుకు పదిహేను అడుగులు. నేనే కొలిచాను. 2018 జులైలో మన వరంగల్ కోటిలింగాలలో బాణసంచా గోదాం కాలి ప్రాణాలు పోయిన ఊరు సార్ ఇది. ఇక్కడ కూడా టేపు పట్టేవాడు లేడా? దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని అదే ఏడాది సుప్రీంకోర్టు చెప్పింది. మా వీధిలో పదింటికి మొదలుపెడతారు. బర్త్‌డేలకైతే అర్ధరాత్రి కేకు, వెంటనే వాలా.

విడి అమ్మకం ఆపించండి. అది కాదంటే, వెలగని పటాకును ముట్టుకోవద్దు, దూరం నుంచి నీళ్లు పోయండి అని ప్రతి కొట్టు ముందు తెలుగులో ఒక ఫ్లెక్సీ అయినా కట్టించండి. ఫ్లెక్సీలకు మన దగ్గర కొదవ లేదు కదా. మీ ఫోటో కూడా వేసుకోండి, మాకేం అభ్యంతరం లేదు.

పిల్లాడు మళ్లీ పెన్ను పట్టడానికి రెండు నెలలు పట్టింది సార్. ఈ ఏటి పర్మిషన్ల ఫైళ్లు మీ టేబుల్ మీదికి వచ్చే వేళయింది. సంతకం పెట్టే ముందు దయచేసి ఒక్కసారి మా వీధికి రండి. టేపు నేనే తెస్తాను.

ఇట్లు,
మూడు రసీదుల తాత